నీళ్లకి కూడా మెదడు కణితే

పెళ్లయిన కొత్తలో లోకంలో ప్రతిదీ మన కోసమే తయారు చేసి పెట్టినట్టు ఉంటుంది. సంస్థ వాళ్లు మాకిచ్చిన క్వార్టర్సులో కుళాయి తిప్పితే ముందు దగ్గి, తరువాత తుమ్మి, ఆ తరువాత నీళ్లు వదిలేది. నాకు అది కూడా ముద్దొచ్చేది. వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా మా ఆయన ల్యాబు. కుక్కర్ కూత వినపడగానే ఆయన ఆ కిటికీలోంచి చెయ్యి ఊపేవారు. నేను గరిటె ఊపేదాన్ని. మధ్యలో ఉన్న సెక్యూరిటీ గార్డు ఎవరికి చెయ్యి ఊపాలో తెలియక ఇద్దరికీ ఊపేవాడు.

మా ఆయన పేరు కరుణాకర్. మెదడు పరిశోధనా సంస్థలో పరిశోధకుడు. మెదడులో కణితి తీసిన రోగుల దగ్గర అనుమతి తీసుకుని, ఆ కణితిలో చిన్న ముక్క దాచి, దానిలో ఏం జరుగుతోందో చూడడం ఆయన పని. నేను ఎమ్మే ఎకనామిక్స్. అందుకని ఒక సాయంత్రం బాల్కనీలో మిరపకాయ బజ్జీలు తింటూ, ఆ పనేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను.

"మన కణాల్లో జీన్లు ఎప్పుడూ అది తయారుచెయ్యి, ఇది తయారుచెయ్యి అని పురమాయిస్తూ ఉంటాయి" అన్నారాయన. "మైక్రో ఆర్‌ఎన్‌ఏలని చిన్నచిన్న ముక్కలుంటాయి. అవి వెళ్లి ఫలానా పురమాయింపు అక్కర్లేదని నోరు మూయిస్తాయి."

"అంటే మా పెద్దత్త."

"ఎవరు?"

"పెళ్లిలో ఒక్క మాట మాట్లాడలేదు చూశారా? బ్యాండు మేళం వైపు ఒక్కసారి చూసింది. క్లారినెట్ సగం పాటలో ఆగిపోయింది."

ఆయన బజ్జీ పక్కన పెట్టి నా వైపు ఆరాధనగా చూశారు. "సరిగ్గా అదే! కొన్ని వైరస్‌లు కణంలోకి దూరేటప్పుడు తమ పెద్దత్తల్ని తామే వెంటబెట్టుకొస్తాయి. వాళ్లొచ్చి, మూయించకూడని నోళ్లు మూయిస్తారు. పెరగొద్దు అని చెప్పే జీను నోరు మూతపడితే పెరగకూడనిది పెరగొచ్చు. మెదడు కణితులు కొన్ని అలా వస్తున్నాయా అన్నది మా ప్రశ్న."

"వస్తున్నాయా?"

"తెలీదు."

తెలీదు అన్న మాటను అంత సంతోషంగా అనే మనిషిని నేను అంతవరకు చూడలేదు. మా కాలేజీలో తెలియని వాళ్లు అందరూ గట్టిగా అరిచేవారు.

పెళ్లి సెలవు అయిపోయి ల్యాబుకి వెళ్లిన కొద్ది రోజులకే ఆయన పరీక్షించిన కణితి ముక్కల్లో ఒక వైరస్ జాడ కనిపించింది. హెర్పిస్ కుటుంబంలోది, లోకంలో చాలామందిలో నిద్రపోతూ ఉండేదే. దానితోపాటు దాని సొంత మైక్రో ఆర్‌ఎన్‌ఏ కూడా ఉంది. ఆయన నెలవారీ నివేదికలో "సంబంధం ఉంటే ఉండవచ్చు. ఇప్పుడే ఏమీ చెప్పలేము. మళ్లీ పరీక్షించాలి" అని రాశారు.

నివేదిక డైరెక్టర్ విశ్వరూపం గారి బల్ల మీదికి చేరింది. ఆయన మొదటి వాక్యంలో సగం చదివారు.

"కరుణాకర్, ఈ సంస్థ పెట్టి ఇంతకాలమైంది. మనం ఇంతవరకు కనుక్కున్నదేమిటి? క్యాంటీనులో సాంబారు పలచనని. అది కూడా రోగుల బంధువులు కనుక్కున్నారు."

"సార్, మళ్లీ పరీక్షించాలని కింద రాశానండి."

"కింద రాసినవి కింది స్థాయి సిబ్బంది చూసుకుంటారు" అన్నారు డైరెక్టర్ గారు.

ఆ వారమే సంస్థ ముందు షామియానా వేశారు. వేదిక మీద తెరతో కప్పిన బోర్డు పెట్టి, పెద్దలతో తాడు లాగించారు. "మెదడు కణితికి మూలం వైరస్" అని బంగారు రంగు అక్షరాలు బయటపడ్డాయి. గేటు దగ్గర మా ఆయన ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. ఫొటో కోసం ఎవరిని అడిగారో తెలియదు కానీ, అది మా పెళ్లి ఫొటోలోంచి కత్తిరించింది. నుదుటన బాసికం, బుగ్గన దిష్టిచుక్క, కింద "యువ శాస్త్రవేత్త". నేను ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి సెల్ఫీ తీసుకున్నాను. మా అమ్మకి పంపితే, పక్కన నా ముక్క ఎందుకు కత్తిరించారని అడిగింది.

ఆనందం అంతటితో ఆగిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు. పాలనాధికారి ఇందుమతి గారు ఆ బోర్డును నిబంధనలతో కలిపి చదివారు.

"వైరస్ వల్ల వచ్చేది అంటువ్యాధి. అంటువ్యాధులు ఈ సంస్థ పరిధిలోకి రావు. కాబట్టి మెదడు కణితి గల రోగులందరినీ తక్షణమే ఎదురుగా ఉన్న అంటువ్యాధుల ఆసుపత్రికి బదిలీ చేయవలసిందిగా ఉత్తర్వులు జారీ చేయడమైనది."

అలా మెదడు కణితి రోడ్డు దాటింది. దానితోపాటు లోవలక్ష్మి గారూ దాటారు.

లోవలక్ష్మి గారు తుని అవతలి ఊరి మనిషి. మా వీధిలో కుట్టుమిషను పెట్టుకున్నారు. పెళ్లిలో వచ్చిన నా చీరలన్నింటికీ జాకెట్లు ఆవిడే కుట్టారు. ఒక జాకెట్టు మాత్రం చేతులు కుట్టకుండా ఉండిపోయింది. సూదిలో దారం ఎక్కించబోతే రెండు సూదులు కనపడుతున్నాయని, ఎడమకన్ను మసకేస్తోందని అన్నారు. మా ఆయన స్కానింగు చేయించారు. కంటి నరం మీద కణితి కూర్చుని ఉంది. పెద్ద ప్రమాదమైన జాతి కాదు, తీసేస్తే పోతుంది, ఆలస్యం చేస్తే మాత్రం కన్ను దక్కదు అని సర్జన్ మెహరున్నీసా గారు ఆపరేషనుకి రోజు ఇచ్చారు. ఆ రోజు రాకముందే బోర్డు మీద తెర లాగారు.

అంటువ్యాధుల ఆసుపత్రి పెద్ద డాక్టరు దానియేలు గారు మంచి మనిషి. లోవలక్ష్మి గారి ఫైలు చూసి తల పట్టుకున్నారు.

"అమ్మా, కలరా అంటే సెలైన్ ఎక్కిస్తాను. కుక్క కరిచిందంటే సూది వేస్తాను. పుర్రె తెరవమంటే నా దగ్గరున్నది కొబ్బరికాయలు కొట్టే కత్తి ఒక్కటే."

"అది కూడా మొండిదేమో చూసుకో బాబూ" అన్నారు లోవలక్ష్మి గారు.

ఆయన నిబంధనల ప్రకారం చెయ్యగలిగింది చేశారు. ఆవిడ మంచానికి దోమతెర కట్టించారు. తరువాత "శస్త్రచికిత్స నిమిత్తం" అని రాసి ఎదురు సంస్థకి పంపారు. వాళ్లు "అంటువ్యాధి నిమిత్తం" అని రాసి వెనక్కి పంపారు. ఆవిడ చేతిలో ఫైలుతో రోడ్డుకి అటూ ఇటూ తిరుగుతూ ఒకరోజు మా ఇంట్లో కూలబడ్డారు.

"ఏటమ్మాయ్ ఇది! నాకసలే ఒక లారీ వత్తే రెండు లారీలు కనపడతాయి. ఏ లారీకి తప్పుకోవాలో తెలవట్లేదు. ఈ రోడ్డు మీదే పోయేననుకో, కణితి లారీ వల్ల వచ్చిందని ఇంకో బోర్డు కడతారు."

మజ్జిగ ఇచ్చాను. ఆవిడ సంచిలోంచి నా చేతుల్లేని జాకెట్టు తీశారు. "ఈ సూదిలో దారం ఎక్కించు. ఎడంకంట్లో అప్పుడే సందేళ అయిపోయినట్టుంది. కుడికన్ను ఉండగానే నీ చేతులు కుట్టేత్తాను."

దారం ఎక్కించి ఇచ్చాను. అందుకోబోయి ఆవిడ నా చేతి పక్కన గాలిలో తడిమారు. అది చూసి నాకు భయం వేసింది.

మా ఆయనకి ఆ రోజు అన్నం సయించలేదు. మర్నాడు ల్యాబుకి వెళ్లి మళ్లీ పరీక్ష మొదలుపెట్టారు. ఈసారి కణితి ముక్కల పక్కన, అదే గదిలో, అదే చేత్తో, ఉత్త శుద్ధజలం పోసిన గొట్టాలు కూడా పెట్టారు. మధ్యాహ్నానికి ముఖం పాలిపోయి ఇంటికొచ్చారు.

"నీళ్లలో కూడా వైరస్ వచ్చింది."

"అంటే నీళ్లకి కూడా మెదడు కణితా?" అన్నాను.

"అదే చెప్పాను డైరెక్టర్ గారితో. ఎక్కడో తప్పు జరిగింది, వైరస్ కణితుల్లోది కాదు సార్, నీళ్లకి మెదడు లేదు కదా అన్నాను."

"ఏమన్నారు?"

"లేదని అనుకుంటున్నాం, పరిశీలించామా అన్నారు."

సాయంత్రానికి మా కుళాయి దగ్గడం మానేసింది. సంస్థ ట్యాంకుకి తాళం వేశారు. మాకు చెయ్యి ఊపే గార్డుని ట్యాంకు పైకి కాపలా ఎక్కించారు. నీటికి మెదడు ఉన్నదీ లేనిదీ తేల్చడానికి ఒక ఉపసంఘం ఏర్పడింది. ఆ సంఘం మొదటి సమావేశంలోనే సభ్యులకి తాగడానికి ఏమివ్వాలన్న దగ్గర వాదన వచ్చి వాయిదా పడింది.

మేము బాల్కనీలో కూర్చున్నాం. నేను ఆయన ముఖాన్ని చూస్తున్నాను. కొత్తగా పెళ్లయినవాళ్లకి అదొక పని. కిందిపెదవి మూల చిన్న మచ్చ కనపడింది.

"ఇదేమిటి?"

"అదా? పెళ్లయిన వారానికి పెదవి పేలింది కదా. జ్వరపు పొక్కు. తగ్గిపోయింది."

పెళ్లి రోజు నా పెదవి మీద కూడా సరిగ్గా అలాంటి పొక్కే ఉంది. అలంకరించడానికి వచ్చినావిడ విసుక్కుంటూ దాని మీద లిప్‌స్టిక్కు రెండు పూతలు వేసింది. ఆ తరువాత బువ్వం బంతి. మా వైపు పెళ్లయ్యాక వధూవరులని ఒకే విస్తరి ముందు కూర్చోబెట్టి, ఒకరి ఎంగిలి ఒకరికి తినిపిస్తారు. నేను కొరికిన బూరె సగం ఆయన నోట్లో పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు.

"ల్యాబులో మాస్కు పెట్టుకుంటారా?" అన్నాను.

"పెట్టుకుంటాను. అప్పుడు పొక్కుకి ఒరుసుకుంటోందని కొంచెం గడ్డం కిందకి... ఇంకా అదే అలవాటు."

"గొట్టాలు తెరిచి ఉన్నప్పుడు నోరు మూసుకునే ఉన్నారా?"

"పాడానేమో" అన్నారు సిగ్గుపడుతూ.

పెళ్లికి ముందు మా ఆయనకి పాడే అలవాటు లేదు. పెళ్లయ్యాకే మొదలైంది. మంచి గొంతు కాదు. కానీ పల్లవి వచ్చినప్పుడల్లా ఊపు ఎక్కువ, తుంపర కూడా ఎక్కువ.

ఆయన మళ్లీ ల్యాబుకి పరిగెత్తారు. పెళ్లికి ముందు తెరిచిన నమూనాల్లో వైరస్ లేదు. పెళ్లి తరువాత తెరిచినవాటిలో అన్నింటా ఉంది. తిరిగొచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయారు.

"ఆ మైక్రో ఆర్‌ఎన్‌ఏ కణితిది కాదు, వైరస్‌ది. ఆ వైరస్ కణితిది కాదు, నాది."

"నాది అనకండి" అన్నాను పక్కన కూర్చుని. "నేను పుట్టింటి నుంచి తెచ్చింది. మనది."

నవ్వొచ్చింది ఇద్దరికీ. అప్పుడు కుర్చీ మీద, లోవలక్ష్మి గారు ఒక చెయ్యి మాత్రమే కుట్టగలిగిన నా జాకెట్టు కనపడి ఆగిపోయాం. ఫ్లెక్సీ మీద ఆయన పేరు ఎంత పెద్దగా ఉందో, చెప్తే అంత పెద్దగానూ పోతుంది. ఉద్యోగం కూడా ఉంటుందో లేదో. ఆయన లేచి, డైరెక్టర్ గారి ఇంటివైపు నడిచారు. ఆ నడకలో పాట లేదు.

నిజ నిర్ధారణ సంఘం సమావేశమైంది. డైరెక్టర్ గారు అధ్యక్షులు, ఇందుమతి గారు కార్యదర్శి. మెహరున్నీసా గారిని, దానియేలు గారిని పిలిచారు. నన్ను కూడా పిలిచారు. పిలుపులో నా హోదా "మూలం" అని ఉంది. పట్టుచీర కట్టుకుని వెళ్లాను.

సాక్ష్యంగా మా పెళ్లి వీడియో పెద్ద తెర మీద వేశారు.

"ఇది జీలకర్ర బెల్లం. ఇందులో ఎంగిలి లేదు. ముందుకి జరపండి" అన్నారు ఇందుమతి గారు.

"ఆగండాగండి, ఆ మూల నిలబడ్డావిడ ఎవరు?" అన్నారు డైరెక్టర్ గారు, ఎందుకో కంఠం తగ్గించి.

"మా పెద్దత్తండి."

ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. తెర మీద బువ్వం బంతి వచ్చింది. బూరె నా నోటి నుంచి ఆయన నోటికి వెళ్లింది. సంఘం కోరిక మీద మళ్లీ వేశారు. నెమ్మదిగా కూడా వేశారు.

"బూరెలు ఎవరు వండారు?" అన్నారు డైరెక్టర్ గారు.

"ద్రాక్షారం వైపు వంటవాళ్లండి."

"లోపల పూర్ణం బాగా కనపడుతోంది. ఇది నమోదు చేసుకోండి."

"ఈ బువ్వం బంతి అనే ప్రక్రియకి ముందస్తు అనుమతి తీసుకున్నారా?" అన్నారు ఇందుమతి గారు.

"పంతులుగారు అడగమనలేదండి."

మెహరున్నీసా గారు ఇక ఓపిక పట్టలేకపోయారు. "సార్, తప్పు ఎక్కడుందో తేలిపోయింది కదా. ఆ బోర్డు తీసెయ్యండి. నా పేషెంట్‌ని నాకివ్వండి. ఇంకో వారం ఆగితే ఆవిడ ఎడమకన్ను ఉండదు."

డైరెక్టర్ గారు నిజంగానే బాధపడ్డారు. "డాక్టరమ్మా, ఆవిష్కరణ చేసే నిబంధన ఉంది. వెనక్కి తీసుకునే నిబంధన లేదు. తెర లాగేశాం. మళ్లీ తెర కప్పాలంటే ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలి? ఎవరొస్తారు?"

"అయితే ఆవిడ కన్ను?"

"సంస్థ ప్రగాఢ సానుభూతి ఆ కంటి వెంట ఉంటుంది."

తెర మీద నేను ఇంకా బూరె తినిపిస్తూనే ఉన్నాను. వీళ్లకి నిజం చెప్పి లాభం లేదు, నిజానికి వీళ్ల దగ్గర నిబంధన లేదు అని నాకు అర్థమైంది. లేచి నిలబడ్డాను.

"అమ్మా, ఒక సందేహం. వైరస్ ఎవరిదైతే వాళ్లే కదండీ అంటువ్యాధుల ఆసుపత్రికి వెళ్లాల్సింది?"

"నిస్సందేహంగా" అన్నారు ఇందుమతి గారు.

"బోర్డు ఉండనివ్వండి. వైరస్ కూడా ఉంది, కాదనడం లేదు. కానీ అది లోవలక్ష్మి గారిది కాదు. మాది. వీడియోలో మీరే చూశారు. ఆవిడ బదులు మేము వెళ్తాం."

ఇందుమతి గారి కలం గాలిలో ఆగింది. ఆవిడ కళ్లలో నేను అంతకుముందెప్పుడూ చూడని మెరుపు కనపడింది.

"సార్, అంటే ఆవిష్కరణ రద్దు కాదు. వైరస్ చిరునామా మాత్రమే మారుతుంది."

"చిరునామా సవరణ!" డైరెక్టర్ గారు బల్ల మీద చరిచారు. "దానికి నిబంధన ఉంది!"

అక్కడికక్కడే ఉత్తర్వు తయారైంది. "సదరు వైరస్ శ్రీ కరుణాకర్ దంపతులకు చెందినదిగా గుర్తించడమైనది. కావున శ్రీమతి లోవలక్ష్మి గారి కణితిని శస్త్రచికిత్స విభాగానికి తిరిగి అప్పగిస్తూ, వైరస్ వైదొలిగే వరకు దంపతులను అంటువ్యాధుల ఆసుపత్రిలో ఏకాంతవాసంలో ఉంచవలెను."

"సార్, ఈ వైరస్ ఒకసారి వచ్చిందంటే వైదొలగదు" అన్నారు దానియేలు గారు. "పడుకుంటుంది, లేస్తుంది. జన్మంతా ఉంటుంది."

"జన్మంతానా?" అన్నాను మా ఆయన వైపు తిరిగి.

"జన్మంతా" అన్నారాయన. ఏడడుగులు నడిచినప్పుడు కూడా ఆయన ఆ మాట అంత నమ్మకంగా అనలేదు.

జన్మంతా మంచాలు ఇవ్వడానికి బడ్జెట్టు ఒప్పుకోదు కనుక పక్షం రోజులకి సరిపెట్టారు.

మెహరున్నీసా గారు ఆ ఉత్తర్వు తడి ఆరకముందే లోవలక్ష్మి గారిని రోడ్డు దాటించారు. ఆఖరిసారి. మేము చిన్న పెట్టె సర్దుకుని ఇటు నుంచి అటు దాటుతుంటే స్ట్రెచర్ ఎదురైంది.

"ఎక్కడికమ్మాయ్, పెట్టెట్టుకుని బయల్దేరేరు?" అన్నారావిడ, మా ఇద్దరికీ మధ్యలో ఎవరో ఉన్నట్టు అటు చూస్తూ.

"హనీమూన్‌కండి."

"ఆస్పత్రికా? మీ ఆయన పిసినారని అప్పుడే అనుకున్నాన్లే."

ఏకాంతవాసం గది మేడ మీద ఉంది. అటువైపు కిటికీ తెరిస్తే సముద్రం. కుళాయి దగ్గదు. దోమతెర కొత్తది. బయట తలుపు మీద "ప్రవేశం నిషిద్ధం" అని రాసి ఉంది కనుక చుట్టాలెవరూ రాలేదు. పెళ్లికి పెట్టిన సెలవు అంతా చుట్టాలతోనే గడిచిన మాకు ఆ ఎర్ర అక్షరాలు తోరణంలా కనపడేవి. ఆయన పొద్దస్తమానం పాడుకున్నారు. తెరిచిన గొట్టాలు లేవు కనుక నేను వద్దనలేదు. ఆపరేషను జరిగే రోజు మాత్రం పాడలేదు. ఇద్దరం రోడ్డువైపు కిటికీ పట్టుకుని నిలబడ్డాం. సాయంత్రం మెహరున్నీసా గారు అవతలి మేడ మీదికొచ్చి, గార్డు పక్కన ట్యాంకు దగ్గర నిలబడి, రెండు చేతులూ ఊపారు. గార్డు కూడా ఊపాడు.

గేటు దగ్గర ఫ్లెక్సీ మార్చారు. చిరునామా సవరణ ప్రకారం ఇప్పుడు అందులో నేను కూడా ఉన్నాను, బాసికంతో సహా. అమ్మ సంతోషించింది. నీటి మెదడు ఉపసంఘం ఇంకా వాయిదాలోనే ఉంది.

గడువు ముగియడానికి కాస్త ముందు, మేము భోజనానికి కూర్చున్నప్పుడు తలుపు తట్టిన చప్పుడైంది. తలకి తెల్లటి గుడ్డ కట్టుకుని లోవలక్ష్మి గారు అద్దం అవతల నిలబడ్డారు. చేతిలో సూది, దారం, నేను స్ట్రెచర్ మీద పెట్టి పంపిన నా జాకెట్టు. నన్ను చూడమని సైగ చేసి, కుడికన్ను మూసి, దారం కొసని నోట్లో తడిపి సూదిలోకి దూర్చబోయారు. తప్పింది. ఆవిడ మళ్లీ దూర్చారు. దారం అవతలికి వచ్చింది.

"ఒక్క సూదే ఉందమ్మాయ్!" అని అరిచారు అద్దంలోంచి. "ఒక్కటే! రెండోది ఏ ఎదవ పట్టుకుపోయాడో కానీ!"

అప్పుడు ఆవిడ చూపు మా మధ్యనున్న పళ్లెం మీద పడింది. రెండు కళ్లూ ఎగరేశారు.

"ఇదేటి, ఒకే పళ్లెంలో తింటన్నారు? మీ బువ్వం బంతి ఇంకా అవ్వలేదా?"

"ఇక్కడి నిబంధన అండి" అన్నాను ముద్ద కలుపుతూ. "అంటు పాకకుండా గదికి ఒక్కటే పళ్లెం ఇస్తారు."

మా ఆయన నోరు తెరిచారు. పెట్టాను.